పాత బోటు మోటారు, కొత్త పెట్రోల్: అపోహలు - వాస్తవాలు

వానలు మొదలైతే చాలు, ఏడాదంతా మూలన పడున్న బోటు మోటార్లు ఒకదాని వెనక ఒకటి మా రిపేరు షెడ్డుకు వస్తాయి. చేపల సొసైటీల టూ-స్ట్రోక్ యమహాలు ఎక్కువ. అప్పుడప్పుడు ఎవరో మోజుపడి పాత సామాన్లలో కొన్న జాన్సన్, ఎవిన్‌రూడ్ లాంటి అమెరికన్ మోటార్లు కూడా వస్తాయి. 2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజులో దాదాపు 65 సెంటీమీటర్ల వాన పడి, ఆ పక్క జిల్లాలో మోరంచవాగు ఊరినే ముంచేశాక, మోటారు రెడీగా ఉండాలన్న టెన్షన్ అందరికీ పట్టుకుంది. మంచిదే. కానీ తెచ్చినవాళ్లందరిదీ ఒకటే మాట: "అన్నా, కార్బరేటర్ పోయింది, మార్చు." కార్బరేటర్ అంటే పెట్రోల్‌ను గాలితో కలిపి ఇంజన్‌కు ఇచ్చే భాగం. చాలాసార్లు అది పోయి ఉండదు. పెట్రోల్ అక్కడిదాకా అందడం లేదు, లేదంటే అందినది ఆ ఇంజన్‌కు సరిపోయే పెట్రోల్ కాదు.

అపోహ: మోటారు స్టార్ట్ అయి కాసేపటికి ఆగిపోతుందంటే కార్బరేటర్ విప్పాల్సిందే.

వాస్తవం: స్క్రూడ్రైవర్ పట్టుకునే ముందు ట్యాంకు దగ్గర నుంచి చూసుకుంటూ రండి. మొదట ట్యాంకు మూత మీదున్న గాలి స్క్రూ. బండిలో తెచ్చేటప్పుడు పెట్రోల్ ఒలకకుండా దాన్ని బిగిస్తారు, నీళ్లలో దింపాక తెరవడం మర్చిపోతారు. లోపలికి గాలి పోయే దారి లేక ట్యాంకులో వ్యాక్యూమ్ ఏర్పడి, మోటారు కొన్ని నిమిషాలు బాగానే నడిచి ఆగిపోతుంది. మూత తిప్పగానే బుస్సుమంటే దొంగ దొరికినట్టే.

తర్వాత హోసు మధ్యలో చేత్తో నొక్కే రబ్బరు బల్బు. దాని మీది బాణం గుర్తు ఇంజన్ వైపు ఉండాలి. నొక్కేటప్పుడు బాణం పైకి ఉండేలా నిలువుగా పట్టుకుంటే లోపలి వాల్వులు సరిగ్గా కూర్చుంటాయి. కొన్ని నొక్కులకు బల్బు గట్టిపడాలి. ఎంత నొక్కినా మెత్తగానే ఉంటే ఎక్కడో గాలి పీలుస్తోంది, లేదా బల్బు వాల్వులే పోయాయి, లేదా కార్బరేటర్‌లో నీడిల్ (పెట్రోల్ దారి మూసే సూది) మూసుకోక పెట్రోల్ బయటికి కారుతోంది. మోటారు నడుస్తుండగా బల్బు చప్పగా నొక్కుకుపోతే అడ్డం ట్యాంకు వైపు ఉంది: గాలి స్క్రూయో, లోపలి జాలీయో.

నాకు బాగా నచ్చిన పరీక్ష ఇంకోటి ఉంది, పైసా ఖర్చు లేదు. మోటారు ఆగిపోబోతుండగా ఒక మనిషి బల్బు నొక్కుతూ ఉండాలి. నొక్కినంతసేపు నడిచి, వదలగానే ఆగితే ఫ్యూయల్ పంపు లాగడం లేదు, లేదా దాని ముందు హోసులో లీకు ఉంది. ఈ పంపుకు కరెంటు అక్కర్లేదు. పిస్టన్ కింది గదిలో, అంటే క్రాంక్‌కేస్‌లో, పిస్టన్ కదలికతో ఒత్తిడి పెరుగుతూ తగ్గుతూ ఉంటే, ఆ ఊపుకే పల్చటి డయాఫ్రమ్ పొర ఆడి పెట్రోల్ లాగుతుంది. అది గట్టిపడితే పెట్రోల్ చాలదు. చిరిగితే ఆ కన్నంలోంచే పెట్రోల్ క్రాంక్‌కేస్‌లోకి పోతుంది, పొగ వస్తుంది, ఒక సిలిండర్ ప్లగ్గు ఎప్పుడూ తడిగా ఉంటుంది. దాన్ని చూసి కార్బరేటర్ ట్యూనింగ్ మొదలుపెట్టేవాళ్లను చాలామందిని చూశాను.

హోసు పైకి నిగనిగలాడుతోందని నమ్మకండి. లోపలి పొర ఊడి నాలుకలా దారికి అడ్డం పడుతుంది.

అపోహ: పెట్రోల్ పెట్రోలే, నా బైకుకు పోసేదే మోటారుకూ పోస్తా.

వాస్తవం: పాతికేళ్ల కిందటి మోటారు తయారైనప్పుడు మన బంకుల్లో ఈ పెట్రోల్ లేదు. 2023 నుంచి 20 శాతం ఇథనాల్ కలిపిన ఇ20 విడతలవారీగా వచ్చింది, 2025కల్లా దాదాపు అన్ని బంకుల్లోనూ అదే. పాత మోటారుకు దీంతో మూడు చిక్కులు.

ఒకటి, ఇథనాల్ పాత రకం రబ్బరును ఉబ్బించి మెత్తబరుస్తుంది. ఏళ్లుగా ట్యాంకులో పేరుకున్న బంకను కరిగించి కార్బరేటర్ జెట్లలోకి, అంటే పెట్రోల్ పోయే సన్న కన్నాల్లోకి, తోస్తుంది. 1950ల నాటి మోటార్లలో ఫ్లోట్, అంటే కార్బరేటర్‌లో తేలుతూ నీడిల్‌ను మూసే ముక్క, బెండుతో చేసింది, దానిమీద లక్క పూత. ఇథనాల్‌కు ఆ పూత కరిగి బెండు పెట్రోల్ పీల్చుకుని మునుగుతుంది, కార్బరేటర్ పొంగుతుంది. అలాంటిది కనబడితే ప్లాస్టిక్ ఫ్లోట్ వేయడమే మేలు.

రెండు, మిక్స్చర్ పల్చబడుతుంది, అంటే గాలితో కలిసే పెట్రోల్ పాలు చాలదు. ఇథనాల్‌లో ఆక్సిజన్ ఉంటుంది, కాబట్టి ఒక పాలు ఇంధనానికి కావలసిన గాలి తగ్గుతుంది: మామూలు పెట్రోల్‌కు 14.7 పాళ్లు అయితే, ఇ20కి సుమారు 13.5. కారులోని కంప్యూటర్ దీన్ని సర్దుకుంటుంది. మన మోటారు జెట్టు కన్నం మాత్రం ఎప్పటి సైజే. టూ-స్ట్రోక్‌లో ఇది నవ్వుకుని వదిలేసే సంగతి కాదు. ఫుల్ రేసులో కాస్త స్పీడ్ పెరిగినట్టు అనిపిస్తుంది, ఆ వెంటనే పిస్టన్ పట్టేస్తుంది. ప్లగ్గు విప్పి చూడండి: తెల్లగా ఉంటే పల్చన, గోధుమ రంగుంటే సరి, నల్లగా తడిగా ఉంటే చిక్కన. తెల్లగా ఉంటే మెయిన్ జెట్టు ఒక సైజు పెంచాలి. పాత జాన్సన్‌లలో హైస్పీడ్ నీడిల్ (ఫుల్ రేసులో పెట్రోల్‌ను పెంచి తగ్గించే స్క్రూ) ఉంటే కొద్దికొద్దిగా తెరుస్తూ చూడాలి.

మూడోది అన్నిటికంటే చెడ్డది. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది. ముసురు రోజుల్లో సగం ఖాళీగా ఉన్న ట్యాంకులో తేమ చేరుతూ చేరుతూ ఒక హద్దు దాటాక ఇథనాల్, నీరు కలిసి అడుగుకు దిగిపోతాయి. మోటారుకు హోసు లాగేది ఆ అడుగునుంచే. టూ-స్ట్రోక్‌కు మనం పెట్రోల్‌లో కలిపి పోసే ఆయిల్ అందులో దాదాపు ఉండదు, అది పైన పెట్రోల్‌తోనే ఉండిపోతుంది. అంటే ఆయిల్ లేకుండా ఇంజన్ తిప్పుతున్నట్టే. ట్యాంకు అడుగునుంచి గాజు సీసాలో కొంచెం తీసి రాత్రంతా కదలకుండా పెట్టండి. పొద్దున రెండు పొరలు కనబడితే ఆ పెట్రోల్ ఇంకే ఇంజన్‌లోనూ పోయొద్దు.

95 ఆక్టేన్ పెట్రోల్ పోస్తే ఇథనాల్ బాధ ఉండదనేవాళ్లూ ఉన్నారు. అందులోనూ ఇథనాల్ కలుస్తుంది. ఆక్టేన్ నంబరు చెప్పేది వేరే సంగతి, ఇంజన్ కొట్టుకోకుండా పెట్రోల్ ఎంత తట్టుకుంటుందన్నది, తక్కువ కంప్రెషన్ ఉన్న పాత మోటారుకు దానితో పనే లేదు.

అపోహ: ఆయిల్ ఎంత ఎక్కువ కలిపితే ఇంజన్‌కు అంత రక్ష.

వాస్తవం: మోటారు తయారైన కాలం చూసి కలపాలి. 50:1 అంటే లీటరు పెట్రోల్‌కు 20 మిల్లీలీటర్ల ఆయిల్. 24:1 అంటే సుమారు 42. యాభైల నాటి మోటార్లలో 24:1, కొన్నిట్లో 16:1 కూడా అడిగేవి ఉన్నాయి. వాటికి తగ్గించకూడదు, 50:1 మోటారుకు రెట్టింపు పోయకూడదు. ఆయిల్ పెరిగితే జెట్టులోంచి వెళ్లే పెట్రోల్ తగ్గుతుంది, మళ్లీ మిక్స్చర్ పల్చనే. ఆయిల్ కూడా టీసీ-డబ్ల్యూ3 అని రాసున్న, నీటితో చల్లబడే మోటార్లదే కావాలి. బైకుల 2టీ ఆయిల్ గాలితో చల్లబడే ఇంజన్‌ల కోసం తయారైంది.

అపోహ: జెట్టులో సన్న ఇనుప తీగ దూర్చితే చాలు.

వాస్తవం: జెట్టు ఇత్తడిది. తీగతో కన్నం ఒరిసి పెద్దదైపోతుంది. కార్బ్ క్లీనర్, గాలి, మరీ మొండికేస్తే నైలాన్ పోగు. అంతే.

అపోహ: రెండు హోసుల పాత జాన్సన్ తుక్కుకే, లేదంటే కారు ఎలక్ట్రిక్ పంపు పెట్టేయాలి.

వాస్తవం: 1950ల జాన్సన్, ఎవిన్‌రూడ్‌లలో జంట హోసు ఉంటుంది. ఒకదాంట్లో క్రాంక్‌కేస్ నుంచి గాలి ట్యాంకులోకి వెళ్తుంది, ఆ ఒత్తిడికి రెండోదాంట్లో పెట్రోల్ పైకొస్తుంది. మూత వాషర్ లీకైతే పెట్రోల్ రాదు. లీకు లేకపోతే కాళ్ల దగ్గర ఒత్తిడితో ఉన్న పెట్రోల్ ట్యాంకు పెట్టుకుని కూర్చున్నట్టు. నాకైతే రెండూ ఇష్టం లేదు.

ఎలక్ట్రిక్ పంపు ఇంకా ప్రమాదం. కారు పంపు ఒత్తిడికి పాత నీడిల్ నిలవదు, మోటారు ఆగినా పంపు తోస్తూనే ఉంటుంది. సరైన దారి మికూని కంపెనీ తరహా చిన్న పల్స్ పంపు, అంటే క్రాంక్‌కేస్ ఊపుతో నడిచేది. ఒక సిలిండర్ క్రాంక్‌కేస్ నుంచి సన్న పైపుతో దానికి ఊపు ఇవ్వాలి, మామూలు ఒంటి హోసు ట్యాంకు పెట్టాలి. చాలామంది వదిలేసేది ఒకటుంది: పాత గాలి వాల్వులున్న కన్నాలు గట్టిగా మూయాలి. లేకపోతే అక్కడ గాలి పీలుస్తూ స్లోలో మిస్సింగ్ వస్తుంది, కార్బరేటర్‌ను ఎంత తిప్పినా కుదరదు. ఎవిన్‌రూడ్ తయారీ 2020లో ఆగిపోయినా కార్బరేటర్ కిట్లు, నీడిళ్లు ఇతర కంపెనీలవి దొరుకుతున్నాయి, దిగులు అక్కర్లేదు.

అపోహ: సీజన్ అయ్యాక ట్యాంకు నింపి పెడితే తుప్పు పట్టదు.

వాస్తవం: ఒకప్పటి పెట్రోల్‌కు చెల్లిన మాట. నెలల తరబడి ఇ20 ఉంచితే లోపల బంకే మిగులుతుంది. ట్యాంకు ఖాళీ చేసి, ఆరబెట్టి మూయండి. హోసు ఊడదీసి, మోటారును నీళ్ల డ్రమ్ములో పెట్టి ఆగిపోయేదాకా నడపండి, నీళ్లు లేకుండా మాత్రం తిప్పొద్దు, నీళ్లు తోసే రబ్బరు ఇంపెల్లర్ కాలిపోతుంది. తర్వాత ఫ్లోట్ బౌల్ (ఫ్లోట్ ఉండే కార్బరేటర్ గిన్నె) అడుగు స్క్రూ విప్పి మిగిలిన చుక్కలు వంచేయండి. ఈ పనంతా ఆరుబయటే, దగ్గర్లో బీడీ లేకుండా. అవసరం పడేది వరద రోజైతే, మే నెలాఖరులో తాజా పెట్రోల్ పోసి ఒకసారి డ్రమ్ములో నడిపి చూసుకోండి. అప్పుడైతే పార్టు తెప్పించుకోవడానికి టైముంటుంది.