పిల్లలతో గాలం వేయడానికి వెళ్తున్నారా? ముందు ఈ అపోహలు వదిలేయండి

వైకల్యం ఉన్న పిల్లలను, సెలవు రోజున కూడా ఎక్కడికీ వెళ్లే వీలులేని పేద పిల్లలను గాలం వేయడానికి నీటి ఒడ్డుకు తీసుకెళ్తుంటాం. కొత్తగా మాతో కలిసేవాళ్లు తరచూ కొన్ని మాటలు అంటుంటారు. మంచి మనసుతోనే అంటారు. కానీ ఆ నమ్మకాలతోనే ఒడ్డుకొస్తే ఇబ్బంది పడేది పిల్లలు.

అపోహ: అల్లరి చేసే పిల్లలుంటే చేపలు పడవు.

గాలిలో పుట్టిన శబ్దం నీటి మీద పడగానే దాదాపు అంతా వెనక్కి మళ్లిపోతుంది. చేప ఒంటికి రెండు పక్కలా ఉండే పార్శ్వరేఖ పసిగట్టేది నీటిలోని కదలికను. అంటే చేపను బెదరగొట్టేది కేకలు కాదు, చెక్క వంతెన మీద దబదబా వేసే అడుగులు. ఆటిజం ఉన్న బాబు ఒకే పాటను పదేపదే పాడుకుంటుంటే పాడుకోనివ్వండి. కాళ్ల కింద మందపాటి చాప పరిస్తే సరిపోతుంది.

అపోహ: చూపు లేని పిల్లలకు ఇందులో ఏముంటుంది?

దారానికి కట్టి నీటి మీద తేలే బెండు వైపు చూస్తూ కూర్చోవడం ఒక పద్ధతి మాత్రమే. దారాన్ని చూపుడువేలి మీదుగా పోనిస్తే చేప ఎరను ముట్టుకోగానే వేలికి తెలుస్తుంది. మొదటిసారి వచ్చిన ఓ పదేళ్ల పాపకు అలాగే పట్టించాను. కాసేపటికి "అక్కా, తడుతోంది... ఆగింది... మళ్లీ తడుతోంది" అంది. నేను బెండునే చూస్తున్నాను, అది కదల్లేదు. ఆ తర్వాత గబుక్కున మునిగింది. చేపను పైకి తీశాక ఇద్దరం చేతులు తడుపుకున్నాం. పొడి చేతులతో పట్టుకుంటే చేప ఒంటి మీది జిగురు పొర ఊడిపోతుంది, దాన్ని రోగాల నుంచి కాపాడేది ఆ పొరే. పాప మొప్పలు, రెక్కలు అన్నీ మెల్లగా తడిమి, కంటి పక్కన ఆగి, "దీనికి రెప్పలు లేవేంటక్కా? మరెలా నిద్రపోతుంది?" అని అడిగింది. కళ్లు తెరిచే నిద్రపోతుందని చెప్పాను. ఎన్నో చేపల్ని చేత్తో పట్టుకున్న నాకు ఆ ప్రశ్న ఏనాడూ తట్టలేదు.

అపోహ: మనమే పట్టి చేతికిస్తే పిల్లలు సంతోషిస్తారు.

దీని గురించే కొత్తవాళ్లతో ఎక్కువగా వాదిస్తాను. చేతిలో పట్టు లేని పిల్లల కోసం గాలపు కర్రను వీల్‌చైర్‌కి బిగించే స్టాండ్లు ఉన్నాయి, అప్పుడు రీలు తిప్పడానికి ఒక్క చెయ్యి చాలు. అదీ కష్టమైతే మీ చెయ్యి కింద, పిల్లల చెయ్యి పైన ఉంచి తిప్పండి. పైనున్న చేతిని వాళ్లు ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసేసుకోగలరు. వాళ్ల చెయ్యి మీద మీరు చెయ్యి వేసి నొక్కితే ఆ వీలుండదు. చేప తప్పించుకుపోతే పోనివ్వండి.

అపోహ: నీళ్లలో పడితే అరుస్తారు కదా, వినిపిస్తుంది.

ఇది ప్రాణాల మీదికి తెచ్చే నమ్మకం. మునిగిపోతున్న మనిషికి ఊపిరి తీసుకోవడానికే సమయం చాలదు, ఇక అరిచేదెక్కడ? చాలాసార్లు చప్పుడే ఉండదు, నిమిషం లోపే నీటి కిందికి వెళ్లిపోవచ్చు. ఆటిజం ఉన్న పిల్లల్లో చాలామందిని నీళ్లు ఆకర్షిస్తాయి, చూస్తుండగానే దిగిపోతారు. అందుకే ఒడ్డుకు చేరకముందే ప్రతి ఒక్కరికీ ఒంటికి సరిపోయే లైఫ్ జాకెట్ వేయాలి. గాలి ఊదే బొమ్మలు దానికి బదులు కావు. పెద్దల్లో ఒకరు గాలం, ఫోన్ రెండూ ముట్టుకోకుండా నీటి కాపలాకే ఉండాలి. వీల్‌చైర్‌ను ఒడ్డుకు సమాంతరంగా, బ్రేకులు వేసి నిలపండి, ముందు చక్రాలు నీటి వైపు తిప్పవద్దు. పడవ ఎక్కితే పిల్లలను పడవకు గానీ కుర్చీకి గానీ కట్టేయకూడదు.

అపోహ: ఎండ అందరికీ ఒకటే.

కాదు. వెన్నుపాము దెబ్బతిన్న పిల్లలకు ఆ దెబ్బ కింది భాగంలో చెమట సరిగా పట్టదు. కాలిన ఇనుప రెయిలింగ్‌కు కాలు ఆనినా తెలియదు. మూర్ఛకు వాడే టోపిరమేట్ లాంటి మందులు కూడా చెమటను తగ్గిస్తాయి. ఏ మందులు వాడుతున్నారో ముందే ఇంట్లోవాళ్లను అడిగి రాసుకోండి. నీడ, నీళ్లు, తడిగుడ్డ దగ్గరుంచుకోండి.

"నాకు పెద్దగా వేట రాదు" అని వెనకాడేవాళ్లు నిశ్చింతగా రండి, ఒక పూటలో నేర్పిస్తాం. గాలం కొన దగ్గర వెనక్కి తిరిగి ఉండే చిన్న ముల్లును ప్లయర్‌తో నొక్కేయడం ముందు నేర్చుకోండి. అప్పుడు వేలికి గుచ్చుకున్నా సులువుగా వచ్చేస్తుంది. కంటికి తగిలితే మాత్రం లాగకుండా నేరుగా ఆసుపత్రికే. అందుకే పిల్లలకూ మీకూ కళ్లద్దాలు, టోపీ తప్పనిసరి.

మీ గురించి వివరాలు ఆరా తీస్తే నొచ్చుకోకండి. ఏ బిడ్డతోనూ ఒక్కరే పెద్దవాళ్లు విడిగా ఉండకూడదనే నియమం మంచివాళ్లకూ వర్తిస్తుంది. అనుమతి లేకుండా ఫొటో తీయొద్దు.

చివరి అపోహ: పేద పిల్లల కోసం మనం ఒక్కసారి వచ్చినా చాలు. వాళ్లకు మాట ఇచ్చి రానివాళ్లు ఇప్పటికే చాలామంది ఉంటారు. వచ్చే నెల రాలేకపోతే రాలేనని చెప్పేయండి, అర్థం చేసుకుంటారు. "త్వరలో వస్తాలే" అని వెళ్లిపోతే మాత్రం ప్రతి సెలవు రోజూ గేటు దగ్గర నిలబడి చూస్తుంటారు.