గుండుకు గంధం చాలా? ఎండ, చర్మం: అపోహలు – వాస్తవాలు

తిరుపతిలో వేసవి అనగానే అందరూ వేడినే లెక్కేస్తారు. చర్మాన్ని కమిలించేది ఆ వేడి కాదు. కంటికి కనపడని, ఒంటికి తెలియని అతినీలలోహిత కిరణాలు. ఈ తేడా పట్టుబడితే కింది అపోహల్లో చాలావరకు నిలవవు.

అపోహ: మధ్యాహ్నం రెండు, మూడు గంటలప్పుడు జాగ్రత్తపడితే చాలు.

వాస్తవం: ఆ వేళకు ఎక్కువయ్యేది వేడి. కిరణాలు అంతకుముందే, సూర్యుడు నడినెత్తికి వచ్చినప్పుడే తీవ్రంగా ఉంటాయి. ఏప్రిల్ చివర్లో తిరుపతిలో అది సుమారు 12:10కి. అందుకే ఉదయం పదిన్నర ఎండ, మధ్యాహ్నం రెండింటి ఎండంత చెరుపు చేస్తుంది, పెద్దగా కాలకపోయినా సరే. గడియారం కంటే నీడను నమ్మండి. మీ నీడ మీకంటే పొట్టిగా పడుతుంటే గొడుగు తీయాల్సిందే.

అపోహ: కొండమీద చల్లగానే ఉంటుంది, పైగా గుండుకు గంధం పూశాం.

వాస్తవం: తిరుపతి కంటే తిరుమల దాదాపు 700 మీటర్లు ఎత్తు. ఎత్తు 1,000 మీటర్లు పెరిగితే కిరణాల తీవ్రత సుమారు 10 శాతం పెరుగుతుంది. పలచటి మబ్బు వాటిని పెద్దగా ఆపదు. చల్లగాలికి చురుకు తెలియక జనం గంటలకొద్దీ ఎండలోనే ఉండిపోతారు.

కల్యాణకట్టలో తలనీలాలు ఇచ్చి బయటికొచ్చిన నెత్తి సంగతి మరీ సున్నితం. అన్నాళ్లూ జుట్టు కింద దాగిన చర్మమది, ఎండ అలవాటు లేదు. పైగా కత్తి గీతలు. గంధం చల్లదనం ఇస్తుంది, అంతే. ఆరాక పెచ్చులై రాలిపోతుంది, చెవుల దాకా ఎవరూ పూయరు. సాయంత్రానికి నడినెత్తి, చెవుల పైఅంచు, మెడ వెనక ఎర్రబడతాయి. కొన్నాళ్లకు పొట్టు లేస్తుంది. గంధం పూసుకోండి, దానిమీద చుట్టూ అంచున్న టోపీ పెట్టండి, లేదా మందపాటి తువ్వాలు కప్పండి. గీతలు మానేదాకా నెత్తికి సన్‌స్క్రీన్ వద్దు, మండుతుంది. పుట్టువెంట్రుకలు తీయించిన పసిబిడ్డకు ఆరు నెలలు నిండకపోతే సన్‌స్క్రీన్ జోలికే పోవద్దు. నీడ, గొడుగు, మెత్తటి నూలు టోపీ చాలు.

అపోహ: ఎస్‌పీఎఫ్ 50 సన్‌స్క్రీన్ పొద్దున రాస్తే సాయంత్రం దాకా పనిచేస్తుంది.

వాస్తవం: ఎస్‌పీఎఫ్ అంటే సన్‌స్క్రీన్ ఎంత రక్షణ ఇస్తుందో చెప్పే అంకె. కమిలించే కిరణాల్లో ఎస్‌పీఎఫ్ 30 సుమారు 97 శాతం ఆపితే 50 ఆపేది 98. అసలు తేడా వచ్చేది రాసే మోతాదులో. ఆ అంకెలు చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీగ్రాములు రాసి కొలిచినవి. చూపుడువేలు, మధ్యవేలు పొడవునా రెండు గీతలు పిండితే ముఖానికి, మెడకు సరిపోతుంది. శనగగింజంత రాస్తే డబ్బా మీదున్న రక్షణ రాదు. బయల్దేరడానికి 15–20 నిమిషాల ముందు రాయండి. రెండు గంటలకోసారి, చెమట గట్టిగా తుడుచుకుంటే అప్పుడే, మళ్లీ రాయండి. ట్యూబును బండి డిక్కీలో పెట్టకండి. ఆ వేడికి క్రీమ్ విరిగి నీళ్లలా కారితే పారేయడమే.

అపోహ: నల్లగా ఉన్నవాళ్లకు ఇవేవీ అక్కర్లేదు.

వాస్తవం: చర్మానికి రంగునిచ్చే మెలనిన్ కొంత కాపాడుతుంది, నిజమే. కానీ మంగుమచ్చలు మొండిగా పట్టేది మన రంగు చర్మానికే. వాటిని ముదరబెట్టడంలో మామూలు వెలుతురు పాత్ర కూడా ఉంది. అందుకే మంగు ఉన్నవాళ్లు ఆ వెలుతురును కూడా అడ్డుకునే ఐరన్ ఆక్సైడ్ కలిసిన లేతరంగు సన్‌స్క్రీన్ తీసుకోవడం మేలు.

అపోహ: నిమ్మరసం రాస్తే ఎండ నలుపు విరుగుతుంది.

వాస్తవం: ఇది మానిపించాల్సిన అలవాటు. నిమ్మలోని ఫ్యూరానోకూమరిన్లనే రసాయనాలు చర్మం మీదుండగా ఎండ తగిలితే ఒకటి రెండు రోజుల్లో ఎర్రబడి బొబ్బలెక్కవచ్చు. రసం కారిన దారినే గోధుమరంగు చారలు పడి నెలల తరబడి ఉంటాయి. సోడా బండి దగ్గర నిమ్మకాయలు పిండేవాళ్లు ఎండలోకి వెళ్లేముందు మోచేతుల దాకా సబ్బుతో కడుక్కోవాలి.

అపోహ: తెల్లటి పలచని చున్నీ కప్పుకుంటే చాలు.

వాస్తవం: వెలుతురుకు ఎత్తి చూడండి. అవతలిది కనిపిస్తే కిరణాలూ దూరతాయి. తడిస్తే ఇంకా ఎక్కువ. ముదురురంగు, ఒత్తైన నేత నయం.

మొటిమలకిచ్చే డాక్సీసైక్లిన్, కొన్ని బీపీ మాత్రల్లో ఉండే హైడ్రోక్లోరోథయజైడ్ వాడేవాళ్లు త్వరగా కములుతారు. మందు సొంతంగా ఆపకండి, డాక్టరుకు చెప్పండి. కమిలిన చోట చల్లటి నీళ్ల తడిబట్ట వేయండి, ఐసు వద్దు. బొబ్బలు చిదమవద్దు. జ్వరం, వాంతులు వచ్చినా, బొబ్బలు విస్తరించినా అదేరోజు ఆసుపత్రికి వెళ్లాలి.