మీ పోస్టు రోస్టర్ రిజిస్టర్‌లో ఉంది: దివ్యాంగుల ఉద్యోగాలపై అపోహలు - వాస్తవాలు

ప్రభుత్వ కార్యాలయంలో ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్‌లో ఇరవై ఏళ్లు పనిచేశాను. ఖాళీల లెక్కలు, ఏ ఖాళీ ఏ వర్గానికి చెందుతుందో వరుసగా రాసే రోస్టర్ రిజిస్టర్లు నా బల్ల మీదే ఉండేవి. రిటైరయ్యాక, ఉద్యోగం కోసం తిరుగుతున్న దివ్యాంగులకు సమాచార హక్కు దరఖాస్తులు రాసిపెడుతున్నాను. నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది నోటిఫికేషన్ కోసమే ఎదురుచూస్తూ ఉంటారు. వాళ్లకు మొదట చెప్పేది ఒకటే. మీ పోస్టు నోటిఫికేషన్‌కి ఎక్కకముందే రోస్టర్ రిజిస్టర్‌లో ఉంటుంది. ముందు అక్కడ ఏం రాశారో చూడండి.

అపోహ: దివ్యాంగులు చేయగల పోస్టులను గుర్తించాక, వాటిలోంచే రిజర్వేషన్ వాటా లెక్కేస్తారు.

వాస్తవం: ఆఫీసుల్లో కూడా ఈ పొరపాటు చాలాకాలం నడిచింది. వంద ఖాళీలుంటే, అందులో ముప్ఫై పోస్టులే దివ్యాంగులకు సరిపోతాయని తేల్చి, ఆ ముప్ఫై మీద శాతం వేసేవారు. 2013 అక్టోబర్ 8న సుప్రీంకోర్టు నేషనల్ ఫెడరేషన్ ఆఫ్ ది బ్లైండ్ కేసులో ఈ లెక్క తప్పని తేల్చింది. కేడర్‌లోని, అంటే ఒకే రకం పోస్టుల వర్గంలోని మొత్తం ఖాళీల మీదే శాతం వేయాలని చెప్పింది. అప్పటికి 1995 నాటి దివ్యాంగుల చట్టం కింద వాటా 3 శాతం. 2017 ఏప్రిల్ 19న అమల్లోకి వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టం, 2016 దాన్ని 4 శాతం చేసింది. మొత్తం ఖాళీల మీదే లెక్క అన్న మాటను 34వ సెక్షన్‌లోనే రాసింది.

ఆ నాలుగులో చూపు సమస్య ఉన్నవారికి 1, వినికిడి సమస్య ఉన్నవారికి 1, శారీరక కదలికలో వైకల్యం ఉన్నవారికి 1. ఆటిజం, మేధో వైకల్యం, నేర్చుకోవడంలో వైకల్యం, మానసిక అనారోగ్యం, ఒకటి కంటే ఎక్కువ వైకల్యాలు ఉన్నవారందరికీ కలిపి మిగతా 1. వైకల్యం కనీసం 40 శాతం ఉన్నట్టు సర్టిఫికెట్ ఉండాలి. ఏదైనా శాఖకు మినహాయింపు కావాలంటే ప్రభుత్వం దివ్యాంగుల కమిషనర్‌ను సంప్రదించి నోటిఫికేషన్ ఇవ్వాలి. "మా ఆఫీసుకి ఇది వర్తించదు" అని కౌంటర్ దగ్గర ఎవరైనా అంటే, ఆ నోటిఫికేషన్ కాపీ అడగండి.

అపోహ: అర్హులు దొరక్కపోతే ఆ పోస్టు జనరల్‌కి వెళ్లిపోతుంది.

వాస్తవం: ఎక్కువ నష్టం జరిగేది ఇక్కడే. చట్టం ప్రకారం ఆ ఏడాది అర్హులు దొరక్కపోతే ఖాళీని తర్వాతి ఏడాదికి మోసుకుపోవాలి. మనం బ్యాక్‌లాగ్ అనేది దీన్నే. రెండో ఏడాదీ దొరక్కపోతే వేరే వైకల్య విభాగం వారికి మార్చి ఇవ్వవచ్చు. దివ్యాంగులెవరూ లేరని తేలాకే ఇతరులకు ఇవ్వాలి. ఈ మెట్లలో ఏది దాటేశారో రోస్టర్ రిజిస్టర్ చూస్తే తెలిసిపోతుంది. కేంద్ర ప్రభుత్వ కొలువుల్లో వంద పాయింట్ల (వరుస సంఖ్యల) రోస్టర్‌ను నాలుగు భాగాలు చేసి 1, 26, 51, 76 పాయింట్లు దివ్యాంగులకు పెట్టారు. రాష్ట్రాల్లో పాయింట్లు వేరు, పద్ధతి ఇదే.

వినికిడి సమస్య ఉన్న ఒక అమ్మాయికి ఒక ఆఫీసులో "మీ కేటగిరీలో ఖాళీ లేదమ్మా" అని మూడుసార్లు చెప్పారు. రిజిస్టర్ కాపీ తెప్పించాం. ఆమె విభాగం పాయింట్ ఎదురుగా "అర్హులు లేరు" అని ఉంది. ఆ ఏడాది అసలు ప్రకటనే ఇవ్వలేదు. ఆ కాపీ జతచేసి రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కు ఫిర్యాదు చేశాం. తర్వాతి ప్రకటనలో ఆ పోస్టు వచ్చింది. అందరితోపాటు తనూ పరీక్ష రాసింది. ఆ రోజు నాకు కలిగిన తృప్తి సర్వీసులో ఎన్నడూ కలగలేదు. ఇన్నేళ్లూ ఆ పోస్టు ఖాళీగా ఉందని ఆమెకు చెప్పాల్సిన బాధ్యత మా సెక్షన్‌లాంటి సెక్షన్లదే కదా అని బాధా వేసింది.

అపోహ: సమాచార హక్కు దరఖాస్తుకు లాయర్ కావాలి, కారణం చెప్పాలి.

వాస్తవం: రెండూ అక్కర్లేదు. కేంద్ర కార్యాలయాలకు రుసుము 10 రూపాయలు. రాయలేనివారు నోటితో చెబితే పౌర సమాచార అధికారే రాసుకోవడానికి సాయపడాలి.

చాలామందికి తెలియని నిబంధన ఇంకొకటుంది. చూపు, వినికిడి లోపం ఉన్నవారికి రికార్డు చూపించాల్సివస్తే, వారు దాన్ని అందుకోగలిగేలా అధికారి సాయం చేయాలని 2005 సమాచార హక్కు చట్టంలోని 7(4) సెక్షన్ చెబుతోంది. ఒకసారి చూపులేని ఒక అబ్బాయికి వెలిసిపోయిన చేతిరాత జిరాక్సులు కవర్లో పెట్టి పంపారు. ఈ సెక్షన్ చూపించి అప్పీలు చేశాకే వాటిని చదివి వినిపించారు. అందుకే దరఖాస్తులో ముందే 7(4) ప్రస్తావించండి.

"నాకు ఉద్యోగం ఎందుకివ్వలేదు?" అని అడగకండి, అది రికార్డు కాదని తిప్పి పంపుతారు. "ఫలానా కేడర్‌లో గత ఐదేళ్ల రోస్టర్ రిజిస్టర్ కాపీ, బ్యాక్‌లాగ్ ఖాళీల జాబితా, వాటికి ఇచ్చిన ప్రకటనల కాపీలు" అని అడగండి.

అపోహ: సర్వీసులో ఉండగా వైకల్యం వస్తే ఇంటికి పంపేస్తారు.

వాస్తవం: ప్రభుత్వ సంస్థ అలా చేయకూడదని దివ్యాంగుల హక్కుల చట్టంలోని 20(4) సెక్షన్ చెబుతోంది. అదే జీతంతో వేరే పోస్టు ఇవ్వాలి, లేకపోతే అదనపు పోస్టు సృష్టించైనా ఉంచాలి. రంగులు గుర్తుపట్టలేని సమస్య వచ్చిన తెలంగాణ ఆర్టీసీ డ్రైవర్‌కు ప్రత్యామ్నాయ ఉద్యోగం ఇవ్వాలని 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆయన కేసు సంస్థకూ కార్మిక సంఘాలకూ మధ్య కుదిరిన పాత ఒప్పందంపై ఆధారపడింది కానీ, న్యాయం అదే.

అపోహ: ప్రైవేటు కంపెనీలకు ఇవేవీ వర్తించవు.

వాస్తవం: 4 శాతం కోటా వర్తించదు. కానీ ప్రతి కంపెనీ సమాన అవకాశాల విధానం ప్రకటించాలి, దాని కాపీని కమిషనర్ దగ్గర నమోదు చేయాలి. 20 మంది లేదా అంతకంటే ఎక్కువ పనిచేసేచోట వివరాలు ఇంకా ఎక్కువ రాయాలి. కంపెనీ ఆ విధానం మీకు చూపకపోతే కమిషనర్ కార్యాలయానికే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి, అది ప్రభుత్వ కార్యాలయమే.

దరఖాస్తు అందిన రోజు ముద్ర వేయించుకున్న కాపీ దాచుకోండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే, ఆపైన ఇచ్చే కాగితాలకు డబ్బు తీసుకోకూడదు. మొదటి అప్పీలుకు మీకు మరో 30 రోజులుంటాయి.