పీర్ ఎడ్యుకేటర్ అంటే చిన్న డాక్టరు కాదు: అపోహలు - వాస్తవాలు

శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో కౌమార ఆరోగ్యం మీద పీర్ ఎడ్యుకేటర్లకు, అంటే తోటి పిల్లలకి ఆరోగ్య విషయాలు చెప్పే పిల్లలకి, శిక్షణ ఇచ్చే ఏఎన్ఎంలు, ఆశాలు, టీచర్ల కోసం ఇది. 2014 జనవరిలో మొదలైన రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమం ప్రకారం ఒక ఆశా పరిధికి, అంటే దాదాపు వెయ్యి జనాభాకి, నలుగురు పీర్ ఎడ్యుకేటర్లు ఉండాలి. ఇద్దరమ్మాయిలు, ఇద్దరబ్బాయిలు, 15-19 ఏళ్లవాళ్లు. కాగితం మీద ఈ లెక్క ఎలాగూ కుదురుతుంది. తేడా వచ్చేది ఎంపికలో, శిక్షణలో.

అపోహ: బాగా చదివే పిల్లనే ఎంచుకోవాలి.

మార్కులొచ్చే పిల్ల ఉపన్యాసం బాగా చెబుతుంది, నిజమే. బట్టకి మరకైన రోజున పక్కమ్మాయి పరిగెత్తేది ఆమె దగ్గరికేనా? చిన్న చీటీలు పంచి, "ఒంట్లో తేడాగా ఉంటే స్నేహితుల్లో ముందు ఎవరికి చెబుతావు?" అని రాయించండి. ఎక్కువసార్లు వచ్చిన పేర్లే మనకి కావలసినవి. చీటీలు బడిలోనే పంచితే బడి మానేసినవాళ్లు జారిపోతారు. పలాస వైపు జీడిపప్పు పనికెళ్లే ఆడపిల్లలు, తీరంలో వేటకెళ్లే కుర్రాళ్లు ఈ కోవలోనివాళ్లే. వాళ్లలోంచి ఒక్కరైనా లేకపోతే ఆ గుంపుకి కబురే చేరదు.

అపోహ: అవయవాల పేర్లు ఇంగ్లీషులో చెబితే ఇబ్బంది ఉండదు.

"ప్రైవేట్ పార్ట్స్" దగ్గరే ఆగిపోయిన శిక్షణ వృథా. ఒక పిల్ల "కింద నొప్పి" అంటే పొత్తికడుపా, మూత్రం వచ్చే చోటా, యోనా? అడగడానికి పీర్ ఎడ్యుకేటర్ దగ్గర మాట ఉండాలి కదా. అమ్మాయిల్ని, అబ్బాయిల్ని విడివిడిగా కూర్చోబెట్టి చార్టు మీద మూడు వరుసలు గీయండి: ఇంట్లో అనేవి, వీధిలో తిట్లుగా వాడేవి, పుస్తకంలోవి. గర్భాశయం, అండాశయం, యోని, పురుషాంగం, వృషణాలు. ఈ మూడో వరుసని అందరూ కలిసి పైకి చదవాలి. మొదటిసారి నవ్వుతారు, నవ్వనివ్వండి. మూడు నాలుగుసార్లు చదివేసరికి ఆ నవ్వు పల్చబడుతుంది. సమర్తాడటం, ముట్టు, బయట ఉండటం, తెల్లబట్ట లాంటి ఇంటి మాటల్ని మాత్రం కొట్టేయకండి. ఊళ్లో ప్రశ్నలు ఆ మాటల్లోనే వస్తాయి.

అపోహ: ఎవరూ ప్రశ్న అడగలేదంటే అందరికీ అర్థమైనట్టే.

అడగలేదంటే సిగ్గుపడుతున్నట్టు. ప్రశ్నల డబ్బా పెట్టండి. కానీ "ఉన్నవాళ్లు రాసి వెయ్యండి" అంటే ఒక్క చీటీ కూడా పడదు. ఎవరు లేచి వేశారో అందరూ చూస్తారు మరి. అందరికీ ఒకే సైజు కాగితం, ఒకే రంగు పెన్ను ఇవ్వాలి. ప్రశ్న లేనివాళ్లు పొద్దున్న ఏం తిన్నారో రాయాలి. అందరి పెన్నులూ కదులుతాయి, ఎవరి ప్రశ్న ఎవరిదో తెలియదు. డబ్బా అక్కడికక్కడే విప్పకండి. రాత్రికి చదివి, ప్రమాదం వాసన వచ్చే చీటీల్ని పక్కన పెట్టి, మిగతావాటికి మర్నాడు జవాబివ్వండి.

అపోహ: రహస్యమంటే ఏం జరిగినా ఎవరికీ చెప్పకపోవడం.

ఇక్కడ పొరపడితే కష్టం. 18 ఏళ్లు నిండనివారిపై లైంగిక నేరం జరిగిందని తెలిస్తే పోలీసులకి తెలియజేసి తీరాలని 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షన్ చెబుతుంది. చెప్పకపోతే 21వ సెక్షన్ కింద శిక్ష. ఆ శిక్ష పిల్లలకి వర్తించదు. మనకి వర్తిస్తుంది, 18 నిండిన పీర్ ఎడ్యుకేటర్‌కీ వర్తిస్తుంది. అందుకే అవతలివాళ్లు నోరు విప్పకముందే ఈ మాట అనడం అలవాటు చేయించాలి: "నువ్వు చెప్పింది నా దగ్గరే ఉంటుంది. నీకు ప్రమాదం ఉందనిపిస్తే మాత్రం ముందు నీకు చెప్పి, నమ్మకమున్న పెద్దవాళ్లకి చెబుతాను." చైల్డ్ హెల్ప్‌లైన్ 1098 నోటికి రావాలి.

అపోహ: అడిగినదానికల్లా జవాబు తెలిసుండాలి.

"నాకు తెలీదు, కనుక్కుని చెబుతాను" అనడమే కష్టమైన పాఠం. ముగ్గురు ముగ్గురుగా అభినయం చేయించండి: ఒకరు చెప్పుకుంటారు, ఒకరు వింటారు, వినేవాళ్లు ఎన్ని ప్రశ్నలు వేశారో, ఎన్ని సలహాలిచ్చారో మూడోవాళ్లు గీతలు పెడతారు. మొదటి విడతలో సలహాల గీతలే ఎక్కువుంటాయి. గీతలు చూపించి మళ్లీ చేయించండి.

గట్టిగా తెలియాల్సినవి కొన్నే. ఈ వయసులో నెలసరి 21 నుంచి 45 రోజుల మధ్య ఎప్పుడొచ్చినా మామూలే, మూడు నెలలు దాటితే డాక్టరు చూడాలి. నిద్రలో వీర్యం పోతే నీరసం రాదు, రోగం కాదు.

అపోహ: వారం వారం ఇచ్చే నీలం ఐరన్ మాత్ర వేసుకుంటే పిల్లలు పుట్టరు.

అందులో ఉన్నది 60 మిల్లీగ్రాముల ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్. వారానికి ఒకటి, అన్నం తిన్నాక. ఖాళీ కడుపున వేసుకుంటే వికారం, వెంటనే టీ తాగితే ఐరన్ సరిగ్గా ఒంటబట్టదు. విరేచనం నల్లగా అవుతుందని ముందే చెప్పండి. చెప్పకపోతే రెండో వారం మాత్రలు బడి వెనక కాలవలో తేలతాయి.