కట్టెల కొట్టానికి గోడలెందుకు? పెరటి వంటచెరకు చుట్టూ అపోహలు, వాస్తవాలు

కోనసీమ పల్లెల్లో పెరటి కొట్టాలు, పశువుల పాకలు, పందిళ్లు కట్టడం నా వృత్తి. గ్యాసు పొయ్యి లేని ఇల్లు ఇప్పుడు మా వైపు వెతికితే గానీ కనిపించదు. అయినా పెరట్లో కట్టెల పొయ్యి చల్లారలేదు. వేణ్ణీళ్లు కాచాలన్నా, సంక్రాంతికి అరిసెల పాకం పట్టాలన్నా, పశువులకు ఉలవలు ఉడకబెట్టాలన్నా, ఇంట్లో శుభకార్యానికి వందమందికి వండాలన్నా ఆ పొయ్యే దిక్కు. అందుకే కట్టెలు పెట్టుకోవడానికి చిన్న కొట్టం కట్టిపెట్టమని అడిగేవారు ఏటా ఉంటారు. అడిగేటప్పుడే వాళ్ల మనసులో కొన్ని నమ్మకాలు గట్టిగా పాతుకుని ఉంటాయి. వాటిలో కొన్ని కొట్టాన్ని పాడుచేస్తాయి, కొన్ని పొయ్యి ముందు కూర్చునే మనిషి కళ్లను, ఊపిరితిత్తులను పాడుచేస్తాయి. రెండోదే నాకు ఎక్కువ బాధ కలిగిస్తుంది.

అపోహ: నాలుగు వైపులా గోడ కట్టి తలుపు పెడితే కట్టెలు పొడిగా ఉంటాయి

ఒక ఆషాఢంలో ఒక మాస్టారు కబురు చేస్తే వాళ్లింటికి వెళ్లాను. కట్టెల కోసం ఇటుకలతో ముచ్చటగా గది కట్టించుకున్నారు. పైన శ్లాబు, ముందు ఇనుప తలుపు. తలుపు తీయగానే పుట్టగొడుగుల వాసన ముఖాన కొట్టింది. కింది వరుసలోని సరుగుడు కట్టెను పట్టుకుంటే బెరడు తడిగుడ్డలా ఊడి చేతిలోకి వచ్చింది. దాని కింద తెల్లటి బూజు తీగలు, పక్కనే చెద పెట్టిన మట్టి దారులు. అవతల పొయ్యి దగ్గర మాస్టారి భార్య ఊదుగొట్టం పక్కన పెట్టి చెంగుతో కళ్లు తుడుచుకుంటున్నారు. “ఆ గదిలో ఒక్క చినుకు పడలేదు నాయనా, అయినా ఎందుకు మండవో తెలియడం లేదు” అన్నారు.

ఆమె చెప్పింది నిజమే. చినుకు పడలేదు. ఆ తడి కట్టెలోంచే వచ్చింది.

అప్పుడే నరికిన పచ్చికట్టె బరువులో సగం దాకా నీరే ఉండవచ్చు. పొయ్యిలో శుభ్రంగా మండాలంటే అది 20 శాతం లోపుకు దిగాలి. అంటే సగం నీరున్న టన్ను పచ్చికట్టె ఎండేసరికి 625 కిలోలకు తగ్గుతుంది. మిగతా 375 కిలోల నీరు ఆవిరై ఎటో ఒకవైపు పోవాలి. గోడలు కట్టి తలుపు మూస్తే ఎక్కడికి పోతుంది? గదిలో గాలి చెమ్మతో నిండిపోతుంది, ఇక కట్టె ఎండడం ఆగిపోతుంది, బూజు మొదలవుతుంది. కట్టెల కొట్టం అనేది కట్టెలను ఎండబెట్టే చోటు. ఆ పని చేసేది గాలి. పైకప్పు గాలికి తోడు మాత్రమే.

అందుకే నేను గోడలు కట్టను. మూడు వైపులా సన్నని సరుగుడు బద్దలో, తాటి బద్దలో, వేళ్లు దూరేంత సందు వదిలి అడ్డంగా కొడతాను. ముందు భాగం పూర్తిగా తెరిచే ఉంచుతాను. మాస్టారి గదిని పడగొట్టలేదు. వెనక గోడలోనూ పక్క గోడల్లోనూ కిందా పైనా వరుసకు ఒకటి వదిలి ఒకటి ఇటుకలు ఊడదీశాం, ఇనుప తలుపు తీసేసి బద్దల తడిక పెట్టాం. కుళ్లినవి ఏరి పారేసి మిగతావి రాళ్ల మీద పేర్చాం.

సందులు వదలడానికి ఇంకో కారణం తుపాను. 1996 నవంబరు 6న వచ్చిన తుపాను కోనసీమలో కొబ్బరితోటలను ఎలా పడగొట్టిందో ఇక్కడ పెద్దవాళ్లెవరినడిగినా చెబుతారు. మూడు వైపులా గట్టిగా మూసి ఒకవైపు తెరిచిన కొట్టంలోకి ఈదురుగాలి జొరబడితే బయటికి దారి లేక పైకప్పును కింది నుంచి ఎత్తుతుంది. సందులున్న గోడలోంచి చాలావరకు దాటిపోతుంది. రేకులైతే మేకులు కొట్టి వదిలేయకుండా పట్టీకి కొక్కెం బోల్టులతో బిగించండి, పట్టీని స్తంభానికి ఇనుప కమ్మీతో కట్టండి.

అపోహ: వానలో తడిసిన కట్టె ఇక పనికిరాదు

బాగా ఎండిన కట్టె మీద పడిన జల్లు చాలావరకు పైపైనే ఉంటుంది. రెండు మూడు రోజులు గాలి తగిలితే ఆరిపోతుంది. భయపడాల్సింది నేలలోని చెమ్మకు. నేలను తాకుతున్న కట్టె రాత్రింబవళ్లు ఆ చెమ్మను పీలుస్తూనే ఉంటుంది. కోనసీమలో నాలుగడుగులు తవ్వితే నీరు కనిపించే చోట్లున్నాయి, అలాంటి నేల మీద నేరుగా పేర్చితే పైకప్పు ఎంత గొప్పదైనా ఒకటే. అడుగు ఎత్తు రాళ్లో సిమెంటు దిమ్మలో పెట్టి, వాటి మీద దుంగలు పరిచి, ఆ పైన పేర్చండి. ఆ అడుగు ఖాళీలో ఏదీ దాచకండి. పాత గోనెసంచులు, కొబ్బరి డొక్కలు అక్కడ కుక్కేస్తారు చాలామంది, అలా చేస్తే ఎత్తు పెట్టిన ఫలితమంతా పోతుంది.

టార్పాలిన్ సంగతీ ఇక్కడే చెబుతాను. కట్టెల గుట్టను నాలుగు వైపులా టార్పాలిన్‌తో చుట్టి తాడుతో కడితే మాస్టారి గది లాంటిదే ఇంకొకటి తయారవుతుంది. పైన మాత్రమే కప్పండి, పక్కలు వదిలేయండి.

అపోహ: తడికట్టె కాస్త పొగ వస్తుంది, అంతే కదా

ఇది విన్నప్పుడల్లా ఒక మాట అడుగుతాను. గిన్నెడు నీళ్లు కాగడానికి ఎంతసేపు పడుతుంది? అవే నీళ్లు పూర్తిగా ఇగిరిపోవడానికి ఎంతసేపు పడుతుంది? కిలో నీటిని 30 డిగ్రీల నుంచి మరిగే దాకా తేవడానికి పట్టే వేడి కంటే, ఆ మరిగిన నీటిని ఆవిరి చేయడానికి ఏడింతలకు పైగా వేడి కావాలి. తడికట్టెను పొయ్యిలో పెడితే ముందు ఆ పనే జరుగుతుంది. గిన్నెకు చేరవలసిన వేడి కట్టెలోని నీటిని ఇగర్చడానికి పోతుంది. మంట చల్లబడి, కట్టెలోంచి లేచిన వాయువులు సరిగ్గా మండక పొగగా, మసిగా మారతాయి. ఆ పొగ పీల్చేది ఎవరు? వండే మనిషి, ఆమె కొంగు పట్టుకు తిరిగే పసివాళ్లు. కట్టెల కొట్టం ఖర్చు గురించి బేరమాడే ఇంటి యజమానులకు నేను ఇది తప్పకుండా చెబుతాను.

డబ్బు లెక్క కూడా ఉంది. అడితిలో కట్టె తూకానికి అమ్ముతారు. పచ్చిది కొంటే నీళ్లకు డబ్బు ఇస్తున్నట్టే.

అపోహ: లావు దుంగలే మంచివి, చీలిస్తే సారం పోతుంది

చెట్టు బతికి ఉన్నప్పుడు నీరు వేరు నుంచి కొమ్మకు పొడవునా ప్రయాణించిన దారులే కట్టె ఎండేటప్పుడూ పనికొస్తాయి. అందుకే నీరు కోసిన చివరల నుంచి త్వరగా పోతుంది, పక్కల నుంచి మెల్లగా పోతుంది, బెరడు ఉన్న వైపు మరీ మెల్లగా. అడుగున్నర పొడవు ముక్కలు కోసి, మణికట్టు కంటే లావున్నవి గొడ్డలితో చీల్చి పేళ్లు చేస్తే ఒక వేసవిలో ఎండిపోతాయి. అదే కట్టె బెరడుతో నిండు దుంగగా ఉంటే రెండేళ్లకు కూడా లోపల పచ్చిగా కనిపించడం చూశాను. సరుగుడు పచ్చిగా ఉన్నా మండుతుందన్న పేరుంది. మండుతుంది, కాదనను. ఎండిన సరుగుడు మంట పక్కన దాన్ని ఒకసారి పెట్టి చూడండి.

కొట్టం లోతు నాలుగడుగులు దాటనివ్వకండి. ఎనిమిది అడుగుల పొడవు, నాలుగడుగుల లోతు, అయిదడుగుల ఎత్తు పేరిస్తే సుమారు రెండు టన్నుల ఎండు సరుగుడు పడుతుంది. మామూలు ఇంటికి అంతకంటే అక్కర్లేదు. రెండు వరుసలుగా, మధ్య జానెడు సందు వదిలి పేర్చండి. మధ్యలో ఒక అడ్డు పెట్టి రెండు అరలు చేస్తే ఒకదాంట్లో ఈ ఏడాది వాడే కట్టె, రెండోదాంట్లో వచ్చే ఏటిది ఉంటుంది. ఒకే అర అయితే ఏటా కొత్తది ముందు పడుతుంది, వెనక ఉన్న పాతది అక్కడే పుచ్చుపట్టి పొడి రాలుతుంది.

అపోహ: స్తంభాన్ని కాంక్రీటులో పాతితే కుళ్లదు

కుళ్లుతుంది, ఇంకా త్వరగా. కర్ర ఎండి సన్నబడుతుంది, కాంక్రీటు తగ్గదు. మధ్య ఏర్పడిన సందులో వాననీరు గిన్నెలో నిలిచినట్టు నిలుస్తుంది. కర్రస్తంభం ఎప్పుడూ నేలమట్టం దగ్గరే విరుగుతుంది, అక్కడ గాలీ తడీ రెండూ అందుతాయి కాబట్టి. సిమెంటు దిమ్మను నేలకు జానెడు పైకి లేపి, అందులో ఇనుప పట్టీ నిలబెట్టి, స్తంభాన్ని దానికి బోల్టుతో బిగించండి. కర్రకు బదులు కంచెకు వాడే సిమెంటు స్తంభాలైతే ఈ గొడవే లేదు.

చెద విషయానికి వస్తే, వాడేసిన ఇంజను నూనె పోయడం మా వైపు పెద్ద అలవాటు. దయచేసి మానండి. అది చెదను ఆపినట్టే ఆపి వదిలేస్తుంది, నేలలోకి ఇంకుతుంది, పెరట్లోనే మీ నుయ్యి ఉంది. చెద నేలలోంచి మట్టి దారి కట్టుకుని వస్తుంది. రాళ్ల మీద ఎత్తి పెడితే ఆ దారి బయటికి కనిపిస్తుంది, వారానికోసారి చూసి గీరేస్తే చాలు. ఇంటి గోడకు ఆనించి కట్టెలు పేర్చడం మాత్రం చెదను ఇంట్లోకి పిలవడమే. నిప్పు భయం కూడా ఉంది కాబట్టి ఇంటికి, పొయ్యికి కొట్టాన్ని దూరంగానే కట్టండి.

అపోహ: వెల్లుల్లి నీళ్లు, ఫినాయిలు చల్లితే పాములు రావు

పాము వాసన చూసి వెనక్కి వెళ్లదు. అది వచ్చేది ఎలుక కోసం, చల్లని చీకటి సందు కోసం. కొట్టం పక్కన ధాన్యం, తవుడు, కోళ్ల దాణా ఉంటే ఎలుకలు చేరతాయి, వాటి వెనక నాగుపాము, రక్తపింజరి వస్తాయి. ఒంటి మీద తెల్లని కట్లుండే కట్లపాము రాత్రిపూట తిరుగుతుంది. కింద అడుగు ఖాళీ ఉంచమన్నది దీనికి కూడా, వంగి టార్చి వేస్తే అవతలి వెలుగు కనిపించాలి. చీకటిలో కట్టెల సందులో చేయి పెట్టకండి. ముందు కర్రతో తట్టి, పై వరుస నుంచే తీయండి. బెరడు కింద తేళ్లుంటాయి కాబట్టి కట్టెను ఒకసారి నేలకు కొట్టి చంకన పెట్టుకోండి. కాటు పడితే నాటుమందుల జోలికి పోకుండా విషానికి విరుగుడు ఇంజెక్షన్ ఉన్న ఆసుపత్రికి వెంటనే తీసుకెళ్లాలి.

వాస్తు అడిగేవాళ్లతో నేను వాదించను. ఆగ్నేయమే కావాలంటే ఆగ్నేయంలోనే కడతాను. అయితే వానాకాలపు జల్లు నైరుతి నుంచి కొడుతుందని, అక్టోబరు, నవంబరుల్లో ఈశాన్యం నుంచి వస్తుందని చెప్పి ఆ రెండు వైపులా చూరు రెండడుగులు ముందుకు దించుతాను. పైకప్పుకు పాత ఆస్‌బెస్టాస్ రేకులు ఊరికే వస్తున్నాయని తెచ్చేవాళ్లకు ఒద్దని చెబుతాను. కోసినప్పుడు లేచే ఆ దుమ్ము ఊపిరితిత్తులకు చేటు, నిప్పు తగిలితే ఆ రేకు పేలి ముక్కలు ఎగురుతాయి. రంగు వేసిన తలుపు చెక్కలు, ప్లైవుడ్, గన్నేరు కొమ్మలు కట్టెల్లో కలపకండి, వాటి పొగ విషం.

ఇక ఎండిందో లేదో తెలిసేదెలా? చివర పగుళ్లు చూసి నమ్మకండి, లోపల తడి ఉన్నా పగుళ్లు వస్తాయి. రెండు పేళ్లను ఒకదానితో ఒకటి కొడితే ఎండినవి ఖంగున మోగుతాయి, పచ్చివి దబ్బున మూలుగుతాయి. అంతకంటే నమ్మకమైనది తూకం. సంక్రాంతి దాటాక కట్టె పేర్చేటప్పుడు వరుస మధ్యలోంచి ఒక పేడు తీసి, సుద్దతో గుర్తు పెట్టి, వంటింటి తక్కెడలో తూచి ఆ బరువు దాని మీదే రాయండి. పదిహేను రోజులకోసారి తీసి తూచి, కింద కొత్త బరువు రాసి మళ్లీ అక్కడే పెట్టండి. రోహిణి కార్తె వచ్చేసరికి వరుసగా రెండుసార్లు ఒకే అంకె రాస్తారు. ఆ వరుసను పొయ్యి దగ్గరికి తీసుకెళ్లవచ్చు.