బంగారక్క తెర ముందుకొచ్చింది, మాటలు మారలేదు

మాయాబజార్ నాటకంలో అన్నిటికన్నా ఎక్కువ ఈలలు పడేది మాయా శశిరేఖకే. శశిరేఖ రూపంలో ఉన్నది ఘటోత్కచుడని జనానికి తెలుసు. ఆ పిల్ల చీర కుచ్చిళ్ళు ఎగదోపి, కాళ్ళు ఎడంగా వేసి నడిచి, లేని మీసం మెలేస్తే చాలు. కడపలో నేను చూసిన రోజు ముందు వరుసలో ఒక పెద్దాయన నవ్వలేక కళ్ళు తుడుచుకున్నాడు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక అనిపించింది, ఆడపిల్ల మగాడిలా నడిస్తే అంత నవ్వెందుకని.

మన నాటకాల్లో ఆడపాత్రలన్నీ ఒకే మూసలో ఉంటాయంటే ఒక జవాబు వెంటనే వస్తుంది: అప్పట్లో ఆడవేషాలు మగవాళ్ళే కట్టేవాళ్ళు కదా అని. సగం నిజమే. కానీ కడప జిల్లా చరిత్ర ఈ మాటకు అడ్డం పడుతుంది.

1885లో ఈ జిల్లాలోని సురభి అనే ఊళ్ళో వనారస గోవిందరావు బృందం కీచకవధ ఆడింది. అంతకుముందు ఆ కుటుంబాలది తోలుబొమ్మలాట. బొమ్మలాటలో తెర వెనక సీతకూ ద్రౌపదికీ గొంతు ఇచ్చేది ఇంటి ఆడవాళ్ళే. వేరే నాటక సమాజాలు మీసాలు రాని కుర్రాళ్ళకు సవరం కట్టి ద్రౌపదిని చేస్తున్న కాలంలో, సురభి వాళ్ళు తమ ఆడవాళ్ళనే రంగస్థలం ఎక్కించారు. అవసరమైతే వాళ్ళే కృష్ణుడి వేషమూ కట్టారు. నాటకాలాడే ఆడదంటే లోకం ఏదో ఒకటి అనే రోజులవి. పక్కన వేషం కట్టినవాడు మొగుడో మరిదో అవడం వీళ్ళకు కలిసొచ్చింది. తొలి తెలుగు టాకీ భక్త ప్రహ్లాదలో లీలావతి వేసిన కమలాబాయి కూడా సురభి నుంచి వెళ్ళినావిడే.

అయితే తోలుబొమ్మల తెర మీద బంగారక్క కూడా ఉంది. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో ఇప్పటికీ తోలు కోసి బొమ్మలు చేస్తున్నారు. రామాయణం మధ్యలో కునికే జనాన్ని లేపడానికి కేతిగాడు, జుట్టుపోలిగాడు, బంగారక్క దిగుతారు. బంగారక్క గయ్యాళి, నోటికి అడ్డూ ఆపూ ఉండదు. ఒక పక్క కన్నీళ్ళ సీత, ఇంకో పక్క బంగారక్క. నడుమ పొద్దున లేచి కసువు ఊడ్చి, బజారుకెళ్ళి వచ్చే మామూలు ఆడమనిషి కనపడదు. తర్వాతి నాటకాల్లో చాలావరకు ఈ రెండు అచ్చులే నడిచాయి.

1880లో తాడిపత్రిలో పుట్టిన నటుడు బళ్ళారి రాఘవకు మగవాళ్ళు ఆడవేషం కట్టడం గిట్టేది కాదు. చదువుకున్న ఇళ్ళ ఆడవాళ్ళు నటించాలని పట్టుబట్టారు. కొమ్మూరి పద్మావతీదేవి ఆయన సరసన నటించారు. అటు కోస్తాలో ఆడవేషాలు కట్టే స్థానం నరసింహారావు సత్యభామకు జనం నీరాజనాలు పట్టారు, 1956లో పద్మశ్రీ కూడా వచ్చింది. తర్వాతి నటీమణుల్లో కొందరి ఒయ్యారం చూస్తే, అది ఆ మగమనిషి దగ్గర నుంచి నేర్చుకున్నదే అనిపిస్తుంది నాకు. వేదిక మీద ఆడతనానికి ఒజ్జబంతి మగవాడు కావడం తమాషానే.

ఇక చింతామణి. కాళ్ళకూరి నారాయణరావు వేశ్యాలోలత్వం మీద రాసిన నాటకం అది. ఊళ్ళకొచ్చేసరికి చింతామణి ఇంటికొచ్చే విటుడు సుబ్బిశెట్టికీ, చింతామణి చెల్లెలు చిత్రకూ మధ్య నడిచే బూతు జోకులే అసలు నాటకమైపోయాయి. తిరునాళ్ళలో పద్యానికి వన్స్‌మోర్ ఎంత గట్టిగా కొట్టేవాళ్ళో, ఈ జోకులకూ అంతే గట్టిగా కొట్టేవాళ్ళు. 2022 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం ఆ నాటకాన్ని నిషేధించింది. సుబ్బిశెట్టి పాత్ర ఆర్యవైశ్యులను కించపరుస్తోందన్నది అభ్యంతరం. కర్నూల్లో కళాకారులు పొట్ట గడవడం గురించి మాట్లాడారు, కులం వాళ్ళు పరువు గురించి మాట్లాడారు. చింతామణి తల్లి శ్రీహరి, చెల్లెలు చిత్ర ఇన్నేళ్ళూ అదే వేదిక మీద పడిన మాటల ఊసు మాత్రం నేను విన్న చర్చల్లో ఎవరూ ఎత్తలేదు.