వేటపాలెం వెళ్లే ముందు: పాత గ్రంథాలయాల గురించి అపోహలు - వాస్తవాలు

గుంటూరులో గ్రంథపాలక వృత్తిలో ఉన్న నన్ను, సెలవుల్లో పాత గ్రంథాలయాలు చూసి రావాలనుకునే బంధుమిత్రులు తరచుగా సలహా అడుగుతుంటారు. వారి మాటల్లో మళ్లీ మళ్లీ వినిపించే అపోహలు కొన్ని ఉన్నాయి.

అపోహ: వేటపాలెం సారస్వత నికేతనం ఒక మ్యూజియం.

వాస్తవం: 1918లో వి.వి. శ్రేష్ఠి స్థాపించిన ఆ గ్రంథాలయ భవనానికి 1929లో గాంధీజీ శంకుస్థాపన చేసిన మాట, విరిగిన ఆయన చేతికర్రను అక్కడ భద్రపరిచిన మాట నిజమే. అయితే పరిశోధకులు అంతదూరం వెళ్లేది పాత తెలుగు పత్రికల సంపుటాల కోసం. కర్రను ఫొటో తీసుకుని పది నిమిషాల్లో బయటపడినవారే "అక్కడ ఏముందండీ?" అని నన్ను అడుగుతారు. పక్కనే ఉన్న చీరాల ప్రజలు 1921లో పురపాలక పన్నులను నిరసిస్తూ ఇళ్లు విడిచి వెళ్లినప్పుడు పత్రికలు ఏమని రాశాయో చూడాలనుకోండి. సంవత్సరం, నెల కాగితం మీద రాసుకుని వెళ్లి అడిగితే సిబ్బందికి వెతకడం సులువవుతుంది.

అపోహ: కాగితం ఎంత పాతదైతే అంత పెళుసుగా ఉంటుంది.

వాస్తవం: గుడ్డపీలికల గుజ్జుతో చేసిన పూర్వకాలపు కాగితం చాలాచోట్ల నేటికీ మెత్తగా వంగుతుంది. దాని తరువాత వచ్చిన, చౌకరకం కలప గుజ్జుతో చేసిన వార్తాపత్రికల కాగితం మాత్రం తనలోనే పుట్టే ఆమ్లం వల్ల పసుపుబారి, మడత దగ్గర విరిగిపోతుంది. అందుచేత వందేళ్ల పత్రికను రెండువందల ఏళ్ల పుస్తకం కన్నా జాగ్రత్తగా తిప్పాలి. వేలికి ఉమ్మి అద్దే అలవాటు ఉన్నవారు ఆ పూటకు దానిని గుమ్మం బయటే వదలాలి.

అపోహ: తెల్లని చేతితొడుగులు తప్పనిసరి.

వాస్తవం: తొడుగు వేసుకుంటే పుట అంచు వేలికి తెలియదు, చిరుగుతుంది. కడిగి పూర్తిగా ఆరబెట్టుకున్న చేతులే మేలు. పాత ఫొటోలకు మాత్రం తొడుగులు అవసరమే.

అపోహ: ఇవన్నీ ప్రభుత్వం ఏర్పాటు చేసినవి.

వాస్తవం: మద్రాసు గ్రంథాలయ చట్టం వచ్చింది 1948లో. అంతకు చాలా ముందే, 1911లో బెజవాడలో రామమోహన గ్రంథాలయం వెలసింది. 1914లో అయ్యంకి వెంకటరమణయ్య చొరవతో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం కూడా అక్కడే పుట్టింది. 1935లో పాతూరి నాగభూషణం పెదవడ్లపూడి, కొల్లూరుల మధ్య కాలువ మీద పడవలో పుస్తకాలు తిప్పారు. చందాలతో, శ్రమతో నిలిచిన ఉద్యమమిది.

అపోహ: చదివిన పుస్తకాన్ని మనమే బీరువాలో పెట్టడం మర్యాద.

వాస్తవం: దయచేసి బల్ల మీదే వదలండి. తప్పుడు వరుసలో చేరిన పుస్తకం మాకు పోయిన పుస్తకంతో సమానం. తిరిగి దొరకడానికి ఒక్కొక్కసారి ఏళ్లు పడుతుంది.